అమ్మకి మోకాళ్ళ నొప్పి: చింక్వె తెర్రెలో ఏ దారిలో నడిపించాలి?

ప్రశ్న (స్టుట్‌గార్ట్ నుంచి)

అమ్మానాన్నలు సెప్టెంబరు చివర్లో రాజమండ్రి నుంచి మా దగ్గరికి వస్తున్నారు. ఇటలీ తీరంలో ఐదు ఊళ్ళున్న చింక్వె తెర్రెలో సముద్రం పక్కనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడవాలని అమ్మ కోరిక. ఫొటోలు చూసినప్పటి నుంచి అదే మాట. నాన్నకి ఇబ్బంది లేదు, అలిపిరి మెట్లు ఇప్పటికీ ఎక్కుతారు. అమ్మ మెల్లగా ఎక్కేస్తుంది కానీ, దిగేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తాయి. తనని స్టేషన్‌లో కూర్చోబెట్టి మేం నడిచి రావడం నాకు ఇష్టం లేదు. ఏ దారి పెట్టుకోమంటారు? ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా తినరు.

జవాబు (మిలాన్ నుంచి)

దిగడమే సమస్య అయితే వెర్నాత్సా నుంచి కోర్నీలియాకి నడవండి. అటు నుంచి ఇటు మాత్రం వద్దు. చాలామంది కోర్నీలియాలో మొదలుపెడతారు, ఎక్కడం తక్కువని. ఎందుకంటే ఐదూళ్ళలో అదొక్కటే రేవులో కాకుండా సముద్రానికి దాదాపు 100 మీటర్ల ఎత్తున ఉంది. కానీ అలా వెళ్తే ఆఖర్న వెర్నాత్సాలోకి రాతిమెట్ల మీద నిటారుగా దిగాలి. అమ్మగారికి కష్టమయ్యేది అక్కడే. వెర్నాత్సాలో బయల్దేరితే ఆ మెట్లు ఎక్కడానికి వస్తాయి. మధ్యలో ప్రేవో అనే చిన్న పల్లె దగ్గర దారి 200 మీటర్ల ఎత్తుకి చేరుతుంది. అక్కణ్ణుంచి కోర్నీలియాకి దిగేది అందులో సగమే. నాలుగు కిలోమీటర్లకి కాస్త తక్కువ దూరం. రెండు గంటలంటారు, మీరు మూడు వేసుకోండి.

కోర్నీలియా నుంచి స్టేషన్‌కి దాదాపు 380 మెట్లు కిందికి ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు, ఊళ్ళోంచి చిన్న బస్సు దింపుతుంది. ఈ నడకకి ట్రెక్కింగ్ కార్డు కొనాలి, ఆ బస్సు అందులోనే వస్తుంది.

ఇంకో మాట. ఈ దారిలో సముద్రం ఒక పక్కే. రెండో పక్క చూడమని అమ్మగారికి చెప్పండి. సున్నం గానీ మట్టి గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, భుజం ఎత్తున మీ పక్కనే వస్తుంటాయి. కొండంతా అలాగే మెట్లుమెట్లుగా కట్టి, ఆ కాస్త మట్టిలో ద్రాక్ష, ఆలివ్ పెంచారు. 1997లో యునెస్కో గుర్తింపు వచ్చింది ఊళ్ళ అందానికి మాత్రమే కాదు, మనుషులు తరతరాలుగా మలిచిన ఈ కొండకి. సాగు వదిలేసిన చోట గోడలు కూలి మట్టి జారిపోతోంది. అందుకే దారిలో తీగల మధ్య ఎవరైనా పనిచేస్తూ కనిపిస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. మీరు వచ్చేది ద్రాక్ష కోతల రోజుల్లోనే. కొండవాలు మీద ఒంటి పట్టా పైన వెళ్ళే బుల్లి బండిలో గంపలు తరలిస్తుంటే కాసేపు ఆగి చూడండి.

ఐదు ఊళ్ళూ ఒకే రోజు వద్దు. నా సలహా అయితే వెర్నాత్సాలోనే బస, నడక పొద్దున్నే.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. దిక్కు మార్చుకుంటే సరిపోతుందని తట్టలేదు. అక్కడే ఉన్న ప్రేమికుల దారి (వియా దెల్లామోరే) సంగతేంటి? మూసేశారని ఒకచోట, తెరిచారని ఇంకోచోట ఉంది.

జవాబు (జెనోవా నుంచి, ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్నాను)

తెరిచారక్కా. 2012లో రాళ్ళు పడి కొందరికి దెబ్బలు తగలడంతో మూసేసి, 2024లో మళ్ళీ తెరిచారు. రియోమజోరే నుంచి మనరోలాకి, కిలోమీటరు లోపే, దాదాపు చదును. అమ్మగారికి మోకాలి బాధే ఉండదు. దానికి టైం స్లాటు విడిగా బుక్ చేసుకోవాలి, పైన చెప్పిన ట్రెక్కింగ్ కార్డు ఒక్కటే ఉంటే పంపరు.

తిండికి టెన్షన్ వద్దు. ఫరినాత అడగండి. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. వెడల్పాటి రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు కరకరలాడతాయి, మధ్యలో మెత్తగా మన శనగపిండి అట్టులా ఉంటుంది. పైన మిరియాల పొడి చల్లించుకోండి. పాస్తాలో త్రోఫియే గుడ్డు లేకుండా చేస్తారు. దానికి పెస్తో (తులసి జాతి ఆకుల పచ్చడి) కలుపుతారు, కానీ అందులో వేసే పర్మిజానో చీజ్‌కి పాలు గడ్డకట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. నిష్ఠ ఉన్నవాళ్ళయితే ముందే చెప్పాలి. "మాంసం వద్దు" అంటే సరిపోదు, "చేప వద్దు" అని కూడా విడిగా అనండి. ఐదూళ్ళలో ఒకటైన మొంతెరోస్సో వైపు చిన్న ఆంకోవీ చేపలు చాలా వంటల్లో పడతాయి.

జవాబు (మిలాన్ నుంచి)

ఒకటి మర్చిపోయాను. వాన హెచ్చరిక ఉంటే దారులు మూసేస్తారు, బతిమాలినా తెరవరు. 2011 అక్టోబరు 25న వరద, బురద వచ్చి వెర్నాత్సా, మొంతెరోస్సో వీధులు నిండిపోయాయి, మనుషులు పోయారు. కాబట్టి నడకకి ఒక్క రోజే కాకుండా పక్కన ఇంకో రోజు ఖాళీ ఉంచుకోండి. అమ్మగారికి చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు కొనండి. చెప్పులతో కొండదారి ఎక్కితే జరిమానా కూడా ఉంది.