మిలిటరీ హాస్పిటల్ రిపేర్ టెండర్: కర్నూలు నుంచి వేయొచ్చా? ఎంత లెస్ వేయాలి?

కర్నూలు సివిల్ వర్క్స్:

అన్నలకు నమస్కారం. నేను కర్నూలులో క్లాస్-3 సివిల్ కాంట్రాక్టర్‌ని. ఇప్పటిదాకా స్కూల్ బిల్డింగులు, సచివాలయాలు, ఒక పీహెచ్‌సీ రిపేరు చేశాను. డిఫెన్స్ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్ లాంటి చోట్ల వచ్చే రిపేర్ పనులు కొన్నాళ్లుగా చూస్తున్నా. వార్డుల పైన వాటర్‌ప్రూఫింగ్, టాయిలెట్లలో పైపులు, టైల్స్ మార్చడం, పాడైన ప్లాస్టర్ కొట్టి కొత్తది వేయడం, పెయింటింగ్. పని చూస్తే మనం రోజూ చేసేదే.

మన రాష్ట్రం రిజిస్ట్రేషన్‌తో ఎంఈఎస్ (మిలిటరీ కట్టడాల పనులు చూసే మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్) టెండర్ వేయొచ్చా? నాకు చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది, ఈఎండీ (టెండరుతో పాటు కట్టే ధరావతు) మినహాయింపు దొరుకుతుందా? ఇక్కడ అంచనా కంటే పదిహేను, ఇరవై శాతం లెస్ (తక్కువకు) వేస్తేనే పని వస్తోంది, అక్కడ ఎంత వేస్తే తట్టుకోవచ్చు? మా చిన్నాయన ఆర్మీలో చేసి వచ్చినాయన. జవాన్లు ఉండే హాస్పిటల్ పని అంటే నాకు మనసులో ఇష్టం ఉంది. కానీ చేతులు కాల్చుకునే స్థోమత లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కడప బీ/ఆర్:

తమ్ముడూ, నేను ఎంఈఎస్‌లో బీ/ఆర్ జేఈగా (బిల్డింగులు, రోడ్ల జూనియర్ ఇంజనీర్‌గా) చేసి రిటైరయ్యాను, ఇప్పుడు కడపలో ఉంటున్నా. నా సర్వీసులో హాస్పిటల్ పనులు చాలానే చూశా కాబట్టి కొంచెం వివరంగానే రాస్తా.

అర్హత సంగతి ముందు తేల్చేద్దాం. రాష్ట్ర రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన నువ్వు ఎంఈఎస్ లిస్టులో ఉన్నట్టు కాదు. వాళ్ల క్లాసులు వేరే, ఎస్ఎస్ నుంచి ఈ దాకా ఉంటాయి. లిస్టులో లేనివాళ్లకు కూడా చాలా టెండర్లలో అవకాశం ఇస్తారు, అయితే ఆ క్లాసుకు కావాల్సిన అనుభవం, టర్నోవర్, బ్యాంకు కాగితాలు అన్నీ చూపించాలి. నోటీసు కింద ఉండే అనుబంధం చదవకుండా వేయొద్దు. ఈఎండీ మినహాయింపు అనేది ఎంఈఎస్ లిస్టులో ఉండి, స్టాండింగ్ సెక్యూరిటీ బాండ్ (అన్ని టెండర్లకూ కలిపి ముందే ఇచ్చే హామీ పత్రం) ఇచ్చినవాళ్లకు. ఉద్యమ్ మినహాయింపు వస్తువుల సరఫరాకీ సేవలకీ తప్ప ఇలాంటి వర్క్స్ కాంట్రాక్టుకు చెల్లదు. ఈఎండీ స్కాన్ అప్‌లోడ్ చేసి ఊరుకోకు, ఒరిజినల్ గడువులోపు ఆఫీసుకు చేరాలి.

ఇక లెస్ మాట. ఎంత లెస్ అనేది వార్డు చూసి వచ్చాక అడుగు. నువ్వు స్కూల్ రిపేరు చేసేటప్పుడు సెలవుల్లో హెడ్మాస్టర్ తాళాలు నీ చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. హాస్పిటల్‌లో అలా ఉండదు. సగం వార్డు ఖాళీ చేసి ఇస్తారు, మిగతా సగంలో రోగులు పడుకొని ఉంటారు. పొద్దున డాక్టర్ల రౌండ్లు అయ్యేదాకా బ్రేకర్ పెట్టనీయరు. భోజనాల వేళ కారిడార్‌లో మట్టి మోయనీయరు. ఎమర్జెన్సీ కేసులు వచ్చి ఖాళీ చేసిన మంచాలు మళ్లీ నిండిపోతే ఆ గది వారం దాకా నీకు రాదు. మేస్త్రీ, ఇద్దరు కూలీలు కూర్చునే ఉంటారు, కూలీ మాత్రం ఇవ్వాల్సిందే. సిమెంటు రేటు, టైల్ రేటు అందరికీ దాదాపు ఒకటే. ఈ కూర్చున్న కూలీని లెక్కలో వేసుకోని మనిషి లెస్ వేస్తాడు, ఎల్-1 (అందరికంటే తక్కువ వేసినవాడు) అవుతాడు, మూడో నెలలో పని ఆపేస్తాడు. అప్పుడు నష్టం వాడికొక్కడికే కాదు, ఆ వార్డు ప్లాస్టర్ ఊడిన గోడలతోనే ఏడాది ఉండిపోతుంది. అందుకే ఇంతగా చెప్తున్నా.

రెండోది దుమ్ము. దీన్ని మన కాంట్రాక్టర్లు అసలు పట్టించుకోరు, నాకు బాధ కలిగించే విషయం ఇదే. తడిసి పాడైన పాత ప్లాస్టర్ కొట్టినప్పుడు లేచే దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు స్పోర్లు ఉంటాయి. మనకైతే రెండు దగ్గులు దగ్గితే పోతుంది. కీమో నడుస్తున్న మనిషికో, ఐసీయూలో ఉన్నవాడికో అది ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదికి వస్తుంది. నేల నుంచి స్లాబు దాకా మందపాటి పాలిథీన్ కట్టి అంచులకు టేపు వేయాలి. నీళ్లు చల్లి, తడిపి కొట్టాలి. మట్టి మూతి కట్టిన సంచుల్లోనే బయటికి పోవాలి. ఏసీ గాలి లాక్కునే జాలీలు ఈ/ఎం (కరెంటు, యంత్రాల విభాగం) వాళ్లతో చెప్పి మూయించాలి. సాయంత్రం దిగేముందు తడిగుడ్డతో తుడవాలి. షెడ్యూల్-ఏ (టెండరులోని పనుల పట్టిక) లో వీటికి విడిగా ఐటమ్ ఉందేమో చూడు. లేకపోతే ఇవన్నీ రేటులో కలిసినట్టే అనే వాక్యం స్పెసిఫికేషన్లలో ఎక్కడో ఉంటుంది. ఆ ఖర్చు ప్లాస్టర్ రేటులోనే వేసుకో, వేసుకున్నాక తప్పకుండా చెయ్యి.

పైకప్పు. పాత బిల్డింగుల మీద ఒకదానిమీద ఒకటి పొరలు ఉంటాయి, సున్నం కాంక్రీటు, దానిమీద స్క్రీడ్, దానిమీద తారు ఫెల్ట్. అంతా ఒకేసారి పెకిలించి పెడితే ఒక్క వాన చాలు, కింద మంచాలు తడుస్తాయి. సాయంత్రానికి ఎంత మూయగలవో పొద్దున అంతే తెరువు. ఏపీపీ మెంబ్రేన్ (నీళ్లు దిగకుండా పరిచే తారు షీటు) గ్యాస్ టార్చితో అతికిస్తారు కదా, ఆక్సిజన్ మానిఫోల్డ్ (సిలిండర్లు కలిపి పెట్టే) గది ఎక్కడుందో కనుక్కోకుండా, రాతపూర్వకంగా అనుమతి లేకుండా మంట వెలిగించొద్దు. చాలా లీకులు స్లాబు మధ్యలో ఉండవు, వాన నీళ్లు దిగే ఖుర్రా దగ్గరా పారపెట్ గోడ మూలలోనూ ఉంటాయి. అక్కడ గోలా (మూలలో గుండ్రంగా తిప్పే సిమెంటు గార) సరిగా తిప్పకపోతే ఎంత ఖరీదైన మెంబ్రేన్ వేసినా దండగే. వాటర్‌ప్రూఫింగ్‌కు తరచూ పదేళ్ల గ్యారంటీ అడుగుతారు, అది నీ సంతకం మీదే ఉంటుంది.

చివరిగా పుస్తకం. ఐఏఎఫ్‌డబ్ల్యూ-2249, అంటే ఎంఈఎస్ కాంట్రాక్టుల జనరల్ కండిషన్స్. అందులో 7వ కండిషన్ డీవియేషన్లు (పనిలో మార్పులు), 46 పని అయ్యాక లోపాల బాధ్యత, 64 మధ్యలో వచ్చే చెల్లింపులు, 70 ఆర్బిట్రేషన్ (తగాదా వస్తే మధ్యవర్తి తీర్పు). ఈ నాలుగైనా చదువు. 'ఇది కూడా చేసేయండి' అని ఎవరు నోటితో చెప్పినా వర్క్స్ డైరీలో రాయించుకున్నాకే చెయ్యి. ఇది జేఈగా పనిచేసినవాడిగా చెప్తున్నా.

నంద్యాల పనులు:

కడప సార్ చెప్పింది నూటికి నూరు నిజం. డబ్బు సంగతి నేను కలుపుతా. మన దగ్గర అంచనాలో జీఎస్టీ విడిగా చూపిస్తారు. ఎంఈఎస్‌లో నువ్వు కోట్ చేసే రేటులోనే పన్నులన్నీ కలిసి ఉన్నట్టు లెక్క. 2022 జూలై నుంచి ఈ పనులకు జీఎస్టీ 18 శాతం. దానికి తోడు 1 శాతం లేబర్ సెస్, టీడీఎస్‌లు బిల్లులోంచే పట్టుకుంటారు. మన అలవాటులో రేటు వేశావంటే అక్కడే మునిగిపోతావు.

పని మధ్యలో పెట్టే మన ఆర్ఏ బిల్లుని వాళ్లు ఆర్ఏఆర్ అంటారు. జీఈ (గ్యారిసన్ ఇంజనీర్) ఆఫీసులో అకౌంట్స్ వాళ్లు చూశాక సీడీఏ (డిఫెన్స్ అకౌంట్స్ ఆఫీసు) నుంచి డబ్బు పడుతుంది. కాగితం సక్రమంగా ఉంటే నాకు ఎప్పుడూ ఎక్కువ ఆలస్యం కాలేదు. కాగితంలో తప్పుంటే మాత్రం ఎవరిని పట్టుకున్నా కదలదు.

ఇంకోటి. టర్మ్ కాంట్రాక్టు అని ఉంటే జాగ్రత్త. ఏడాది పొడుగునా వచ్చే చిన్న కంప్లైంట్లకు వర్క్ ఆర్డర్లు ఇస్తూ పోతారు. ఈరోజు ఒక కుళాయి, పదిరోజులకు ఒక తలుపు. కర్నూలు నుంచి రెండొందల కిలోమీటర్ల పైన పోయి ఆ పని చేయలేం. సికింద్రాబాద్‌లో మనిషిని, గదిని పెట్టుకోగలిగితేనే అది వేయి.

అనంతపురం మాజీ హవల్దార్:

నేను కాంట్రాక్టర్ని కాదు. ఒకసారి ఆపరేషన్ అయ్యి మిలిటరీ హాస్పిటల్‌లో పడుకున్నా, ఊరు పేరు వద్దు. వానాకాలం. మా వార్డు టాయిలెట్లు రెండూ ఒకేసారి పగలగొట్టి పెట్టారు. కుట్లు పచ్చిగా ఉండగా పక్క బ్లాకు దాకా గోడ పట్టుకొని నడిచేవాళ్లం. కాలు లేని కుర్రాడు ఒకడు మాతోపాటు ఉన్నాడు, వాణ్ణి ఇద్దరం పట్టుకొని తీసుకెళ్లేవాళ్లం. వాడు అడగడానికి సిగ్గుపడి నీళ్లు తాగడం తగ్గించేశాడు. కర్నూలు తమ్ముడికి ఆ పని వస్తే ఒకటి పూర్తిచేసి అప్పగించాకే రెండోది ముట్టుకోమని నా మనవి.

కర్నూలు సివిల్ వర్క్స్:

హవల్దార్ గారూ, మీ మాట తప్పకుండా పాటిస్తా. టాయిలెట్ల పని ఒక్కొక్కటిగా చేసేలా ప్రోగ్రామ్ వేసి, దానికయ్యే అదనపు కూలీ రేటులోనే పెడతా. పని రాకపోయినా సరే.

కడప సార్, సైట్ చూడటానికి పోతే ఏమేం చూడాలి? ఎక్స్‌రే గది కూడా లిస్టులో ఉండొచ్చు అంటున్నారు.

కడప బీ/ఆర్:

ముందు జీఈ ఆఫీసుకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పు. ఆధార్ ఒరిజినల్ పట్టుకుపో. లోపల ఫోటోలు తీయడం గురించి గేటు దగ్గరే అడుగు, వద్దంటే ఫోన్ అక్కడే ఇచ్చెయ్యి. పని వస్తే నీ కూలీలందరికీ పోలీస్ వెరిఫికేషన్, పాసులు కావాలి, అది అయ్యేదాకా రోజులు పోతాయి కాబట్టి మనుషుల్ని మాటిమాటికి మార్చే మేస్త్రీని పెట్టుకోకు.

మట్టి ఏ మెట్ల మీదుగా దించాలి, లారీ ఎక్కడ దాకా వస్తుంది, నీళ్లు, కరెంటు ఎక్కడ ఇస్తారు, వార్డు ఏ భాగం ముందు ఖాళీ చేస్తారు, ఈ నాలుగూ వార్డు మాస్టర్‌నీ జేఈనీ ఇద్దర్నీ అడుగు. ఇద్దరి జవాబులూ కలవకపోతే బిడ్ వేసేముందే పోర్టల్‌లో రాతపూర్వకంగా క్లారిఫికేషన్ అడుగు.

గోడల్లో ఆక్సిజన్, వాక్యూమ్ పైపులు ఎక్కడ పోతున్నాయో డ్రాయింగ్ చూపించమను. డ్రాయింగ్ లేదంటే ఆ గోడలో డ్రిల్ పెట్టే ముందు హాస్పిటల్ వాళ్ల సంతకం తీసుకో. ఎక్స్‌రే గది గోడ మామూలు గోడ అనుకోవద్దు. రేడియేషన్ బయటికి రాకుండా ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) లెక్క ప్రకారం 9 అంగుళాల ఇటుక గోడో దానికి సమానమైన సీసమో ఉండాలి. కండ్యూట్ కోసం అక్కడ గాడి కొట్టావంటే ఆ మేరకు గోడ పలచబడ్డట్టే, అవతల కారిడార్‌లో కూర్చునేవాళ్లకు ప్రమాదం. తలుపు సీసం రేకుతో బరువుగా ఉంటుంది, మామూలు బందులు ఆగవు. ఆ గది లిస్టులో ఉంటే హాస్పిటల్ రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌తో మాట్లాడకుండా దానికి రేటు వేయొద్దు.

చూసి వచ్చాక ఇక్కడే రాయి, రేట్లు ఇద్దరం కూర్చొని వేద్దాం.