అప్‌డేట్: కయోలిన్ ఫిల్టర్ బిళ్లలు ఈసారి పగల్లేదు

కయోలిన్ (తెల్ల బంకమన్ను), క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే ఖనిజం), కాల్షియం కార్బొనేట్ కలిపి చేసిన, నీళ్లు వడకట్టే మెంబ్రేన్ బిళ్లలు ఫర్నేస్‌లో (కొలిమిలో) పగిలిపోతున్నాయని పోయిన నెల అడిగాను కదా. 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, అక్కడ తొందరపడొద్దని చెప్పినవాళ్లకి చాలా చాలా థ్యాంక్స్. తప్పు సరిగ్గా అక్కడే ఉంది.

ఈసారి బిళ్లల్ని రెండు రోజులు నీడన ఆరబెట్టి, నిమిషానికి 2 డిగ్రీల చొప్పున వేడి పెంచాను. 950 దగ్గర ఆరు గంటలు ఉంచి, ఫర్నేస్ లోపలే చల్లారనిచ్చాను. ఆరింటిలో ఐదు నిలిచాయి! గోటితో మీటితే ఖంగుమన్నాయి. నీటి చుక్క వేస్తే ఇట్టే పీల్చేసుకుంటున్నాయి. కార్బొనేట్ విడిపోయి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూ చేసిన సన్నటి రంధ్రాల్లోంచే నీళ్లు అలా ఇంకుతున్నాయి.

చెరువు నీళ్లతో పరీక్ష చేశాం. బ్యాక్టీరియాని పెంచి చూసే ప్లేట్లలో, వడకట్టని నీళ్లు వేసిన ప్లేటు నిండా కాలనీలు (బ్యాక్టీరియా గుంపుల చుక్కలు), వడకట్టిన నీళ్లకి మూడే. ఆ మూడే ఇప్పుడు నా టెన్షన్. ఈ.కోలి అనే బ్యాక్టీరియా మందం సుమారు అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. ఎక్కడైనా అంతకన్నా పెద్ద రంధ్రం ఉందా, లేక బిళ్ల చుట్టూ ఉన్న రబ్బరు సీల్ పక్కనుంచి నీళ్లు కారాయా? రబ్బరు రింగు మార్చి మళ్లీ చేస్తున్నాను. వైరస్‌లు ఇంకా చిన్నవి, ఈ రంధ్రాల్లోంచి జారిపోతాయి. అందుకే ఆ నీళ్లు ఎవరినీ తాగనివ్వలేదు.