సముద్ర భౌతికశాస్త్రం: లెక్కలు ముందా, తడి కాళ్లు ముందా?

నాలుగోబెంచీ
మా కోర్సులో ఈసారి రెండు బ్యాచ్‌లు చేశారు. ఒక బ్యాచ్‌కి మొదటి నెలంతా క్లాసులో సమీకరణాలే. మా బ్యాచ్ మాత్రం మొదటి వారం నుంచే ఒడ్డు మీద ఉంది. మా చేతిలో కొలత కర్ర, స్టాప్‌వాచ్, నీటిలో ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్. రోజూ తడిసి ముద్దయి వస్తున్నాం, బాగానే ఉంది. కానీ నిజంగా నేర్చుకుంటున్నామా, పిక్నిక్‌కి వెళ్లొస్తున్నామా అని డౌటు. అవతలి బ్యాచ్ వాళ్లు అప్పుడే, గాలికి సముద్రపు నీరు ఎలా కదులుతుందో చెప్పే ఎక్‌మన్ సిద్ధాంతం దగ్గరికి వచ్చేశారు. మీరేమంటారు?

లెక్కలపిచ్చి
పిక్నిక్కే, ఏమీ అనుకోకండి. ఈ సబ్జెక్టులో అసలు విషయాలు ఒడ్డు మీద ఒక పూట నిలబడితే కనపడవు. భూభ్రమణం వల్ల నీరు పక్కకి తిరగడం ఉంది చూశారూ, 15 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ చక్రం ఒక్కసారి పూర్తవడానికి సుమారు 46 గంటలు పడుతుంది. 30 డిగ్రీల దగ్గరైనా ఒక రోజు. ఆటుపోట్లలో ముఖ్యమైన చక్రం 12 గంటల 25 నిమిషాలు. పెద్ద పోట్లు తగ్గి, చిన్నవై, మళ్లీ పెద్దవి కావడం చూడాలంటే రెండు వారాలు కావాలి. మీరేమో మూడు గంటలకే బస్సెక్కేస్తారు.

పైగా సముద్రం మొత్తంలో అన్నిటికన్నా గజిబిజిగా ఉండేది ఒడ్డే. లోతు లేదు, అడుగున రాపిడి, విరిగే అలలు, గాలి, అన్నీ ఒకేసారి. అక్షరాలు రాని పిల్లాడికి డాక్టరు చీటీ ఇచ్చి చదవమన్నట్టుంది.

ఉప్పుగాలి
పిచ్చి గారూ, ఆ గజిబిజే కదండీ పాఠం. మా అనుభవం చెప్తాను. తీరం వెంబడి ప్రవాహం కొలవడానికి ఇసుకలో 20 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతాం. ఖాళీ ప్లాస్టిక్ సీసా నీళ్లలోకి విసిరాం. 50 సెకన్లలో రెండో కర్ర దాటింది. సెకనుకు 40 సెంటీమీటర్లు, నోట్‌బుక్‌లో రాసేసుకున్నాం. మా సార్ ఏమీ అనకుండా సంచీలోంచి ఒక నారింజ పండు తీసి అదే చోట వేశారు. అది ఎదురు దిక్కుకి బయల్దేరింది! మెల్లగా, కానీ ఖచ్చితంగా ఎదురు దిక్కుకే. సీసా ముప్పావు వంతు గాలిలో ఉంటుంది, నారింజ దాదాపు అంతా నీళ్లలో మునిగి తేలుతుంది. మేము అరగంట కష్టపడి కొలిచింది ప్రవాహాన్ని కాదు, గాలిని.

ఆ తర్వాత ఏ డేటా ఫైలు తెరిచినా ముందు నాకు వచ్చే ప్రశ్న ఒకటే: ఇది సీసానా, నారింజా?

ఇంకోటి. ఎక్‌మన్ అన్నారు కాబట్టి చెప్తున్నా, ఆ సిద్ధాంతం పుట్టింది క్లాసులో కాదు. ధ్రువ యాత్రికుడు నాన్సెన్ తన ఓడ ఫ్రామ్‌ని 1893లో కావాలనే ఆర్కిటిక్ మంచులో ఇరికించుకున్నాడు. మంచు గాలి వీచే వైపుకి కాకుండా దానికి 20 నుంచి 40 డిగ్రీలు కుడికి జరుగుతోందని అక్కడే గమనించాడు. అలా ఎందుకు జరుగుతుందో ఎక్‌మన్ లెక్క కట్టి, 1905లో వివరంగా ప్రచురించాడు. ముందు చూపు, తర్వాత లెక్క.

లెక్కలపిచ్చి
నాన్సెన్ ఆ ఓడలో ఏళ్ల తరబడి ఉన్నాడండీ, ఒక పూట కాదు. పైగా భూభ్రమణం కారణమై ఉండొచ్చని తట్టిందంటే అప్పటికే ఆ చదువు ఉంది కాబట్టే. తెలియనివాడికి అది వట్టి మంచు. నారింజ కథ మాత్రం ఒప్పుకుంటున్నా, బాగుంది.

తాబేలు
ఒక్కమాట. ఒడ్డున కొలతలంటే అందరూ సరదాగా మాట్లాడుతున్నారు. విరిగే అలల మధ్య ఒకచోట నురగ లేకుండా నున్నగా, కాస్త నల్లగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు అక్కడ ప్రశాంతంగా ఉందని దిగుతారు. లోపలికి లాక్కెళ్లే రిప్ ప్రవాహం చాలాసార్లు అక్కడే ఉంటుంది. అది గుర్తుపట్టడం నేర్పకుండా విద్యార్థుల్ని మోకాలి లోతుకి కూడా దింపకూడదు.

ఇంకో సంగతి, అందరికీ సముద్రం దగ్గర్లో ఉండదు, అందరూ నీళ్లలో దిగలేరు. సముద్రాల్లో వాటంతట అవే మునుగుతూ తేలుతూ కొలతలు తీసే పరికరాలు, ఆర్గో ఫ్లోట్లు, సుమారు 4,000 ఉన్నాయి. సాధారణంగా 10 రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి పంపిస్తాయి. డేటా ఉచితం. అదీ ఫీల్డే, కాళ్లు తడవవు అంతే.

ఒంటికెరటం
మీరిద్దరూ ఒకరి చేతిలోది ఒకరు లాక్కుంటున్నారు గానీ, రెండూ కలిస్తే ఏమవుతుందో ఒక లెక్క చూపిస్తాను. దూరంగా ఎక్కడో తుఫాను లేచింది. అక్కడి నుంచి వచ్చే ఉబ్బు అలల్లో వ్యవధి (ఒక అల తల తర్వాత ఇంకో అల తల రావడానికి పట్టే సమయం) ఎక్కువున్నవి వేగంగా ప్రయాణిస్తాయి, ముందు చేరతాయి. లోతు నీళ్లలో అలల గుంపు వేగం, సెకనుకు మీటర్లలో, వ్యవధికి సుమారు 0.78 రెట్లు. నిన్న పొద్దున 18 సెకన్ల అలలు వచ్చాయనుకోండి, వేగం 14. ఇవాళ పొద్దున 14 సెకన్లవి వచ్చాయి, వేగం 10.9. రెండూ ఒకేసారి బయల్దేరి ఒక రోజు తేడాతో చేరాయంటే తుఫాను సుమారు 4,200 కిలోమీటర్ల అవతల. చేతిలో ఉన్నది స్టాప్‌వాచ్ ఒక్కటే!

1963లో సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం దక్షిణాన పుట్టిన తుఫానుల అలల్ని పసిఫిక్ అంతా దాటి అలాస్కా దాకా వెంటాడింది ఈ సూత్రం మీదే. వాళ్లవి మంచి పరికరాలు, నిజమే.

సూత్రం తెలియకపోతే ఆ 18, 14 వట్టి అంకెలు. ఒడ్డుకి వెళ్లకపోతే ఆ అంకెలే లేవు. నన్నడిగితే, బెంచీ గారూ, వెళ్లే ముందు రాత్రి ఏం కనిపిస్తుందో లెక్క కట్టి కాగితం మీద రాసుకెళ్లండి. తప్పయితే ఇంకా మంచిది.

నాలుగోబెంచీ
అందరికీ థాంక్స్. ఒంటికెరటం గారి మాట విని ఇవాళ పొద్దున్నే వెళ్లాను. 10 అలలకి 108 సెకన్లు, అంటే వ్యవధి 10.8. రేపు మళ్లీ కొలుస్తాను. తుఫాను ఎక్కడుందో చెప్పేస్తా.

లెక్కలపిచ్చి
తొందరపడకండి. గాలికి దగ్గర్లోనే లేచే చిన్న అలలు కూడా వాటిలో కలిసిపోయి ఉంటాయి. పది సరిపోవు, అరగంట కొలవండి. అసలు ఎలా లెక్కపెట్టారు? మొదటి అల తల కర్రని తాకగానే వాచీ నొక్కి "ఒకటి" అన్నారా?

నాలుగోబెంచీ
అవును. "పది" అనగానే ఆపాను.

లెక్కలపిచ్చి
అయితే మీరు కొలిచింది తొమ్మిది వ్యవధులు. 108ని 9తో భాగించండి, 12 సెకన్లు.

నాలుగోబెంచీ
అయ్యో.

ఉప్పుగాలి
ఈ తప్పు క్లాసులో కూర్చుంటే చేసేవారా?

లెక్కలపిచ్చి
పట్టుకున్నది ఎవరండీ మరి?