49:1 ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏ కోర్? 43 చాలా, 52 కావాలా?

మిద్దె_వైరు (కర్నూలు):
అన్నలందరికీ నమస్తే. మా మిద్దె మీది నీళ్ల ట్యాంకు నుంచి ఎదురుగా ఉన్న వేపచెట్టు దాకా 20 మీటర్ల వైరు లాగాను. ఎండ్-ఫెడ్ హాఫ్-వేవ్ (ఒక కొస నుంచి పవర్ ఇచ్చే అర తరంగం పొడవు యాంటెన్నా). వైరు కొస దగ్గర ఇంపెడెన్స్ దాదాపు 2,500 ఓమ్‌లు ఉంటుంది కదా, దాన్ని 50 ఓమ్‌ల కోయాక్స్‌కు కలపాలంటే 49:1 ట్రాన్స్‌ఫార్మర్ కట్టుకోవాలి. నాది హ్యామ్ రేడియో రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు, 50 వాట్లే. ఎక్కువగా ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో చిన్న డిజిటల్ సందేశాలు పంపే పద్ధతి) ఆడతా. 40, 20, 10 మీటర్ల బ్యాండ్లు (7, 14, 28 మెగాహెర్ట్జ్) నడిస్తే చాలు. కోర్‌కు ఒకరు 43 మిక్స్ (ఫెరైట్ రకం) అంటారు, ఒకరు 52 అంటారు. తెలిసిన సారు ఒకాయన ఎర్ర టొరాయిడ్ (రింగు కోర్) చేతిలో పెట్టి ఇదే వాడమన్నారు. ఏది కొనాలి?

గాలిమర (ఉరవకొండ):
ఎర్రది పక్కన పెట్టు తమ్ముడూ. అది టీ200-2 అయి ఉంటుంది, ఇనుప పొడి కోర్. పర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రాన్ని పెంచే గుణం) 10 మాత్రమే. ప్రైమరీకి మూడు చుట్లు వేస్తే 0.11 మైక్రోహెన్రీ వస్తుంది, అంటే 7 మెగాహెర్ట్జ్‌లో 5 ఓమ్‌ల రియాక్టెన్స్ కూడా లేదు. 50 ఓమ్‌ల లైనుకు అడ్డంగా అది పెడితే షార్టు కొట్టినట్టే. ఎఫ్‌టీ240-43 (43 రకం ఫెరైట్ రింగు) తెచ్చుకో, 2:14 చుట్టు (ప్రైమరీ 2, సెకండరీ 14 చుట్లు), ప్రైమరీ మీద 100 పికోఫారడ్ల కెపాసిటర్ పెట్టు. లోకమంతా అదే వాడుతోంది.

పాత_సాల్డరింగ్ (కడప):
ఎర్ర కోర్‌ను అంత తీసిపారేయకు నాయనా, దాని పని వేరు. దాని మీద 17 చుట్లు వేస్తే 3.5 మైక్రోహెన్రీలు. 150 పికోఫారడ్లు జతచేస్తే 7 మెగాహెర్ట్జ్‌లో ట్యూన్ అయి కూర్చుంటుంది. ఆ కెపాసిటర్ కూడా కొననక్కర్లేదు, ఒకటిన్నర మీటరు ఆర్‌జీ-58 కోయాక్స్ ముక్క చాలు. కోర్ వేడెక్కదు, పవర్ వైరుకే పోతుంది. ఒక్క బ్యాండే కదా అంటారా, మా రోజుల్లో బ్యాండు మార్చాలంటే లేచి వెళ్లి మార్చేవాళ్లం.

గుజరీ_రేడియో (ప్రొద్దుటూరు):
ఒక్క కోర్‌కు అంత డబ్బు పోయాలా అబ్బా? గుజరీ అంగడిలో పాత కంప్యూటర్ పవర్ సప్లైలు కిలోల లెక్కన ఇస్తారు. అందులో పసుపు-తెలుపు టొరాయిడ్ ఉంటుంది. నేను అదే చుట్టాను, ఎస్‌డబ్ల్యూఆర్ (వెనక్కి తిరిగొచ్చే పవర్‌ను చూపే అంకె, 1 అయితే ఏమీ రానట్టు) మూడు బ్యాండ్లలోనూ 1.5 లోపే ఉంది. ఇంకేం కావాలి?

లాగ్‌బుక్ (కర్నూలు):
డమ్మీ లోడ్‌కు (యాంటెన్నా బదులు పెట్టే, పవర్‌ను వేడిగా మార్చే రెసిస్టర్) కూడా ఎస్‌డబ్ల్యూఆర్ 1 వస్తుంది గుజరీ అన్నా, దానితో ఎవరైనా కాంటాక్ట్ చేశారా?

పసుపు-తెలుపు కోర్ అంటే 26 రకం ఇనుప పొడి. పవర్ సప్లైలో కిలోహెర్ట్జ్‌లకు చేసినది, 7 మెగాహెర్ట్జ్‌లో పవర్‌ను తాగేస్తుంది. తాగినంత వెనక్కి రాదు కాబట్టి మీటరు ముల్లు కదలదు. పాత టీవీ ఎల్‌ఓటీ (లైన్ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్) కోర్‌దీ అదే కథ, అది 15.625 కిలోహెర్ట్జ్‌కు పుట్టినది. ఇక ఫెరైట్‌లకు రంగే ఉండదు, 43 అని రాసి ఏది పంపినా చూసి చెప్పలేం. వచ్చిన కోర్ మీద పది చుట్లు వేసి తక్కువ ఫ్రీక్వెన్సీలో కొలవండి. ఎఫ్‌టీ240-43 అయితే 107 మైక్రోహెన్రీల దగ్గర, 61 రకం ఫెరైట్ అయితే 17 దగ్గర రావాలి. ఇరవై శాతం అటూ ఇటూ మామూలే.

నష్టం కొలవడానికి నానో వీఎన్‌ఏ (రెండు పోర్టుల చిన్న ఆర్‌ఎఫ్ కొలత యంత్రం) చాలు. సెకండరీ కొసకు 2.4 కిలో ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి రెండో పోర్టుకు కలపండి (మెటల్ ఫిల్మ్‌ది, వైర్‌వౌండ్ వద్దు). పోర్టు 50 ఓమ్‌లు కలిసి 2,450 అయింది. నష్టమే లేకపోతే పవర్‌లో 49వ వంతు పోర్టుకు చేరుతుంది, అంటే 16.9 డీబీ తగ్గి కనిపించాలి. 18.1 కనిపిస్తే 1.2 డీబీ కోర్‌లో పోయింది. 50 వాట్లలో 12 వాట్లు వేడి. సాల్డరింగ్ ఐరన్‌ను డబ్బాలో పెట్టి మూత వేసినట్టే. మిస్‌మ్యాచ్ (ఇంపెడెన్స్ సరిగ్గా కలవకపోవడం) కూడా కొంత ఇందులో కలుస్తుంది, ఎస్‌డబ్ల్యూఆర్ బాగుంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడు 2:14 సంగతి. 43 మీద రెండు చుట్లకు 4.3 మైక్రోహెన్రీలు, 7 మెగాహెర్ట్జ్‌లో లెక్కకు 190 ఓమ్‌లు. అది కూడా తక్కువ ఫ్రీక్వెన్సీ విలువతో వేసిన లెక్క. 7 దగ్గరికి వచ్చేసరికి పర్మియబిలిటీ పడిపోయి, నష్టం భాగం పెరిగి ఉంటుంది. మూడో చుట్టు వేస్తే ఇండక్టెన్స్ రెండింతలు దాటుతుంది. మిక్స్ గురించి కొట్టుకునే ముందు ఆ మూడో చుట్టు వేయండి: 3:21.

గాలిమర:
3:21 వేస్తే 10 మీటర్లు ఏమవుతాయో కూడా చెప్పాలి కదా బ్రో. సెకండరీ పొడుగయ్యే కొద్దీ లీకేజీ ఇండక్టెన్స్, చుట్ల మధ్య కెపాసిటెన్స్ పెరుగుతాయి. 28 మెగాహెర్ట్జ్‌లో 100 పికోఫారడ్లతో సర్దుకోదు. అందుకే జనం రెండు దగ్గర ఆగారు. అయినా 50 వాట్లే కదా.

లాగ్‌బుక్:
50 వాట్లే, కానీ ఎఫ్‌టీ8. ఎస్‌ఎస్‌బీలో (గొంతుతో మాట్లాడే పద్ధతి) మాట మాటకూ మధ్య కోర్‌కు ఊపిరి ఉంటుంది. ఎఫ్‌టీ8 అయితే మనం పంపే ప్రతి 15 సెకన్ల స్లాటులో 12.6 సెకన్లు నిండు పవర్. మే నెలలో మన మిద్దెల మీద నల్ల జంక్షన్ బాక్సు రేడియో ఆన్ చేయకముందే కాలిపోతూ ఉంటుంది. 43కి క్యూరీ ఉష్ణోగ్రత 130 డిగ్రీల పైన, 52కి 250 పైన. కోర్ ఆ గీత దాటిందా, పర్మియబిలిటీ ఒక్కసారిగా పడిపోయి ఎస్‌డబ్ల్యూఆర్ ఎగిరిపోతుంది. చల్లారాక మళ్లీ మామూలే. రాత్రి బాగుండి పగలు పాడయ్యే యాంటెన్నాల్లో కొన్ని ఇవే.

మిద్దె_వైరు:
అయితే 52 కొనేస్తే అయిపోతుంది కదా అన్నా?

లాగ్‌బుక్:
అవదు. 52 పర్మియబిలిటీ 250, 43ది 800. అంటే మూడు చుట్లకు 7 మెగాహెర్ట్జ్‌లో 130 ఓమ్‌లే. నాలుగు చుట్లు వేయాలి, అంటే సెకండరీ 28. 28 మెగాహెర్ట్జ్‌లో గాలిమర చెప్పిన బాధ ఇంకా ఎక్కువవుతుంది. 20 మీటర్లు, అంతకంటే పై ఫ్రీక్వెన్సీల్లో మాత్రమే ఆడేవాడికి 52 బంగారం. 40 కూడా కావాలంటే నేను 43 మీద 3:21 వైపే.

పాత_సాల్డరింగ్:
వైరు సంగతి ఎవరూ చెప్పలేదు. 50 వాట్లకు 2,450 ఓమ్‌ల దగ్గర 350 వోల్టులు, పీక్ 500. కోర్ అంచుకు ఎనామిల్ గీసుకుందంటే అక్కడ నిప్పురవ్వ లేస్తుంది. కోర్‌కు టెఫ్లాన్ టేపు చుట్టు. లేదా మోటార్ వైండింగ్ అంగడికి పోయి సబ్‌మెర్సిబుల్‌కు వాడే పూత వైరు అడుగు. బోరు నీళ్లలో మునిగి 415 వోల్టులు తట్టుకునే వైరు అది. మన జిల్లాల్లో దానికి కరువు లేదు.

గుజరీ_రేడియో:
రెసిస్టర్ పెట్టి చూశా. 7లో 21 డీబీ చూపిస్తోంది. మీ మాటే నిజమనుకుందాం, కానీ ఈ పసుపు కోర్‌తోనే నా ఎఫ్‌టీ8 ఇండోనేషియా దాకా పోయింది.

లాగ్‌బుక్:
పోతుందన్నా. 4 డీబీ పోయినా 50లో 20 వాట్లు వైరెక్కుతున్నాయి, ఎఫ్‌టీ8కి అవి చాలు. మిగతా 30 వాట్లు ఎందుకు తగలేయాలన్నదే నా ప్రశ్న.

గాలిమర:
మిద్దె తమ్ముడూ, 10 మీటర్ల బ్యాండుకు 5 మీటర్ల డైపోల్ (మధ్య నుంచి పవర్ ఇచ్చే వైరు) విడిగా కట్టుకో. దానికి 49:1తో పనే లేదు, ఈ 28 మెగాహెర్ట్జ్ గొడవా ఉండదు.

మిద్దె_వైరు:
అన్నా, ఉన్న వైరుకే బట్టలు ఆరేసే చోటు పోయిందని మా అమ్మ అంటోంది. రెండో వైరు ఒప్పుకోదు.

గాలిమర:
అయితే 43 మీద 3:21 కట్టు, 2:14 కూడా కట్టు. లాగ్‌బుక్ చెప్పినట్టు 7లో, 28లో కొలిచి నాలుగు అంకెలూ ఇక్కడ పెట్టు. 3:21 గనక 28లో 18.5 డీబీ లోపే చూపిస్తే నేనూ మూడో చుట్టు వేస్తా.