"ఎవ్వఁడు నేకాకృతి"యా, "ఎవ్వం డేకాకృతి"యా?

చుక్కలబండి: కృష్ణబిలం (బ్లాక్ హోల్) చుట్టూ తిరిగే న్యూట్రాన్ తార, అంటే పెద్ద తార కూలాక మిగిలే దట్టమైన ముద్ద, మీద వ్యాసం రాస్తున్నాను. మొదట్లో పోతన గజేంద్రుడి పద్యం, "లోకంబులు లోకేశులు", పెట్టాలని ఉంది. "పెంజీఁకటి కవ్వల" తర్వాత నా నోటికి "నెవ్వఁడు నేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్" అని వస్తోంది, ఇంట్లోవాళ్లు "నెవ్వం డేకాకృతి" అంటారు. ఏది సరి? నాకు ఆ "ఏకాకృతి", ఒకే రూపం అన్న మాట, కావాలి. కృష్ణబిలంలో ఏం పడ్డా బయటికి తెలిసేది ద్రవ్యరాశి, భ్రమణం, విద్యుదావేశమే. న్యూట్రాన్ తార లోపలి గట్టిదనం మాత్రం కక్ష్యలో బయటపడుతుంది.

కందప్రియ: "డే"నే. ఎవ్వఁడు ప్రథమ, కళ, అంటే చివర నకారం లేని మాట. ఉత్వసంధి నిత్యం, ఉకారం పోయి "డే" కావాల్సిందే. ద్రుతం, ఆ నకారం, ఎక్కణ్ణుంచి వస్తుంది?

పాతప్రతి: "ఎవ్వఁడును" అనుకుంటే వస్తుందిగా. యతి చూడండి: నేకాకృతి, నే సేవింతున్. నకారానికి నకారం.

కందప్రియ: ఆ రెండో "నే" నేను కాదండీ. అతనిన్ + ఏ సేవింతున్, పాత "ఏను". ఏకాకృతిలో ఏ, ఇక్కడా ఏ. అచ్చుకి అచ్చు, స్వరయతి చెల్లింది. "డే" అన్నా చెడదు.

గోదారిగట్టు: లెక్కకి చెడదు, చెవికో? లోకంబులు లోకేశులు లోకస్థులు అని వరసగా మోగించిన పోతన నే–నే వదులుకుంటాడా? "అల వైకుంఠపురంబులో" పద్యంలో ఆ లో, లో, లో వినండి. ఆయన చెవితో రాసినవాడు.

దూరదర్శిని: బండిగారూ, "కక్ష్యలో బయటపడుతుంది" అని ఊరికే అనేయకండి. దూరంగా ఉన్నంతసేపూ లోపలిదేదీ తెలియదు. పోటుకి, అంటే జంటలో రెండోదాని గురుత్వం దగ్గరివైపు ఎక్కువ లాగడానికి, తార సాగే ప్రభావం కక్ష్యావేగానికీ కాంతివేగానికీ ఉన్న నిష్పత్తి పదో ఘాతంలో గానీ రాదు, అంత చిన్నది. బాగా దగ్గరయ్యాక ఆ సాగుడు కక్ష్యాశక్తిని కొంత తీసుకుని విలీనాన్ని తొందర చేస్తుంది. 2017 ఆగస్టు 17న అందిన గురుత్వ తరంగాల్లో, రెండు న్యూట్రాన్ తారలవి, దీన్నిబట్టే వ్యాసార్థం సుమారు 12 కి.మీ. అన్నారు. 2020 జనవరిలో దొరికిన కృష్ణబిలం–న్యూట్రాన్ తార జంటల్లో పోటు జాడ తేలలేదు. ఆ సాగుడుని కొలిచేది లవ్ సంఖ్య, ఆగస్టస్ లవ్ పేరు మీద. కాలంతో మారని నిలకడ పోటుకి కృష్ణబిలం లవ్ సంఖ్య సున్నా, అంటే అది సాగదు.

చుక్కలబండి: సున్నా! ఏకాకృతి అంటే అదేగా.

గోదారిగట్టు: పద్యంలో ఏకాకృతి చీకటిది కాదండీ, చీకటికి అవ్వల వెలిగేవాడిది. కృష్ణబిలానికి తగిలిస్తే అన్వయం తప్పుతుంది. కావాలంటే "పెంజీఁకటి" తీసుకోండి.

కందప్రియ: అది సరే, పాతప్రతిగారూ, "ఎవ్వఁడును"లో "ను" సముచ్చయమైతే, "కూడా" అని కలిపేదైతే, దేనితో కలుస్తుంది? అక్కడ రెండో కర్తే లేడు.