ఎక్కడమా, బయటికి రావడమా? లాటిన్ ‘సలీరె’

ప్రశ్న: ఇటలీ సిటీ బస్సు తలుపు మీద ‘సలీతా’ అని ఉంటే ఎక్కే ద్వారం. స్పెయిన్‌లో ‘సలీదా’ అంటే బయటికి వెళ్లే దారి. రెండూ ఒకే మాటా, లేక పైపై పోలికేనా?

జవాబు: ఒకే మాటేనండి. లాటిన్ ‘సలీరె’ అంటే దూకడం, గెంతడం. ఫౌంటెన్‌లో నీళ్లు ఎగజిమ్మడానికీ అదే క్రియ. దూకితే ఉన్నచోటు విడుస్తాం, పైకీ లేస్తాం. స్పానిష్ ‘సలీర్’, పోర్చుగీస్ ‘సయీర్’ చోటు విడవడాన్ని పట్టుకున్నాయి, ఇటాలియన్ పైకి లేవడాన్ని. అందుకే ‘సాల్గో’ అని స్పానిష్‌లో అంటే ‘బయటికి వస్తున్నాను’, ఇటాలియన్‌లో అంటే ‘ఎక్కుతున్నాను’. స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా లేదు. స్పానిష్‌లోనూ సూర్యుడి విషయానికొస్తే ‘సలీర్’ అంటే ఉదయించడమే. పాత ‘పైకి’ వాసన అక్కడ కొంచెం తగులుతుంది.

మరి దూకడానికి ఏం మిగిలింది? ‘సల్తారె’. ఇది సలీరె నుంచే పుట్టింది, మాటిమాటికీ గెంతడమన్నమాట. ప్రామాణిక లాటిన్‌లో ఎక్కువగా నాట్యమాడడం. స్పానిష్ ‘సల్తార్’, ఫ్రెంచ్ ‘సోతే’ దీని పిల్లలే. దూకే పని ఇది తీసుకున్నాక సలీరెకి వేరే పని వెతుక్కునే వీలు దొరికిందని నా అభిప్రాయం. రొమేనియన్‌లో మాత్రం ‘సరి’ ఇప్పటికీ దూకడమే.

ఇంకొకరు: ఫ్రెంచ్ ‘సాయీర్’ని వదిలేశారు. గోడలోంచి ఏదైనా ముందుకు పొడుచుకు రావడం ఒక అర్థం, మగపశువు ఆడపశువును దాటడం మరొకటి. రెండోది లాటిన్‌లోనే ఉంది. మన ‘దాటు’కీ ఈ రెండు పనులూ ఉన్నాయి చూడండి, గెంతి అవతలికి పోవడం, ఆబోతు ఆవును దాటడం.

ప్రశ్న: స్పానిష్‌లో బస్సెక్కడానికి ‘సుబీర్’ కదా? ఇటాలియన్‌లో ‘సుబీరె’ అనొచ్చా?

జవాబు: అనకండి! ఇటాలియన్ ‘సుబీరె’, ఫ్రెంచ్ ‘సుబీర్’ అంటే భరించడం, లోనుకావడం: ఆపరేషన్‌కో, నష్టానికో. లాటిన్ ‘సుబీరె’లో ‘సుబ్’ అంటే కింద, ‘ఈరె’ అంటే వెళ్లడం. బరువు కిందికి దూరితే మోయడం అవుతుంది, కిందినుంచి పైకి వస్తే ఎక్కడం అవుతుంది. రెండర్థాలూ లాటిన్‌లోనే ఉన్నాయి, పంచుకున్నారంతే. ఇటలీలో దిగాలంటే ‘ఉషీతా’ అన్న తలుపు చూసుకోండి. అది లాటిన్ ‘ఎక్సీరె’ (బయటికి వెళ్లడం) నుంచి వచ్చింది. పాత స్పానిష్‌లోనూ ‘ఎషీర్’ ఉండేది, ‘సలీర్’ దాని చోటు లాక్కుంది. ఆ కుటుంబపు ‘ఎక్సితో’ స్పానిష్‌లో మిగిలింది గానీ, తలుపు మీద కనబడదు. దాని అర్థం విజయం.