చుక్కల మందు వేసి 20 రోజులైంది, ఫ్లీలు (నెత్తురు తాగే చిన్న పురుగులు) ఇంకా గెంతుతున్నాయి. తప్పు మందుదా, నాదా?

చింటూఅమ్మ
మాకు ఒక కుక్క, ఒక పిల్లి. రెండింటికీ మెడ వెనక వేసే ఫిప్రోనిల్ చుక్కలు, దేనిది దానికే, వేశాను. మొదటి వారం హాయిగా గడిచింది. ఇప్పుడు సోఫాలో కూర్చుంటే చాలు, కాళ్ల మీదికి గెంతుతున్నాయి. పెట్టె మీద నెల రోజులు అని రాసి ఉంది. ఇప్పుడే రెండో డోసు వేసేయనా? మా ఆయనేమో టాబ్లెట్‌కి మారదాం అంటున్నారు.

పాతకాపు
గడువు కాకముందే రెండోసారి వేయకండి. మందు పనిచేస్తూనే ఉంది. మీ కాళ్ల మీదికి వస్తున్నవి నిన్నో మొన్నో గూడు చీల్చుకుని వచ్చిన కొత్తవి.

కళ్లకు కనిపించే పెద్ద ఫ్లీలు మొత్తం సంతానంలో 5 శాతమే అని లెక్క. మిగతాదంతా గుడ్లు, లార్వాలు (పిల్ల పురుగులు), ప్యూపాలు (గూట్లో ఉన్నవి). ఒక ఆడ ఫ్లీ రోజుకు 40 దాకా గుడ్లు పెడుతుంది. అవి బొచ్చుకు అంటుకోవు, జంతువు ఎక్కడ పడుకుంటే అక్కడ రాలిపోతాయి. లార్వాలు వెలుతురంటే పడక కార్పెట్ అడుగుకో పరుపు మడతల్లోకో దూరి, పెద్ద ఫ్లీలు విసర్జించిన ఎండు నెత్తురు తిని పెరుగుతాయి. ఆ తర్వాత గూడు కట్టుకుంటాయి. అసలు చిక్కు ఆ గూడుతోనే. దాని జిగురుకి దుమ్మంతా అంటుకుని ఏ స్ప్రే లోపలికి పోదు. నెలల తరబడి అందులోనే పడుకుని, అడుగుల అదురో ఒంటి వేడో ఊపిరో తగిలితే చటుక్కున బయటికొస్తాయి. మీ సోఫా దగ్గర జరుగుతున్నది అదే.

గోలీసోడా
మా వాడికి పిడుదులు పడితే పట్టకారుతో తీసేసేవాళ్లం. ఇంత కథ లేదు.

పాతకాపు
ఇవి పిడుదులు కావు స్వామీ. పిడుదుకి 8 కాళ్లు, ఒకచోట కరుచుకుని వేలాడుతుంది. ఫ్లీకి 6 కాళ్లు, గెంతుతుంది. పట్టకారుకి దొరకదు.

గోలీసోడా
మా ఇంట్లో అన్నిటినీ పిడుదులే అంటాం.

నిమ్మళం
ఈ పాట ఎప్పుడూ వినేదే. మందు పనిచేస్తే ఘనత మందుది, పనిచేయకపోతే తప్పు మీ కార్పెట్‌ది. పురుగులు మందుకు అలవాటు పడే అవకాశమే లేదా? ఇంకో సంగతి. టాబ్లెట్ మింగిస్తే ఫ్లీ కుట్టాలి, నెత్తురు తాగాలి, అప్పుడు గానీ చావదు. కుట్టకుండా ఆపలేనిది రక్షణ ఎలా అవుతుంది?

పాతకాపు
పెర్మెత్రిన్ లాంటి పాత మందులకు అలవాటు పడ్డ ఫ్లీలు ఉన్నాయి, లేవని నేను అనలేదు. కానీ మందు వేసి మూడు వారాలకు మళ్లీ కనిపిస్తే ముందు గూళ్లను అనుమానించాలి.

కుట్టడం గురించి. ఈ చుక్కలు చర్మపు నూనె గ్రంథుల్లో చేరి, నూనెతో పాటు ఒళ్లంతా పాకుతాయి. ఫ్లీకి తగిలితే చాలు, కుట్టే పని లేదు. టాబ్లెట్‌లోని ఫ్లురలానెర్, అఫాక్సొలానెర్ లాంటివైతే నెత్తురులో తిరుగుతాయి, కుట్టక తప్పదు. అయినా గుడ్లు పెట్టే లోపే చస్తుంది కాబట్టి గొలుసు తెగుతుంది.

నిమ్మళం
చుక్కలన్నీ చర్మం మీదే ఉంటాయా? సెలామెక్టిన్ కూడా చుక్కలే. అది చర్మం గుండా నెత్తురులోకి పోతుంది.

పాతకాపు
నేను చెప్పింది ఆవిడ వేసిన ఫిప్రోనిల్ గురించి.

నిమ్మళం
"ఈ చుక్కలు" అన్నారు. చదివేవాళ్లు అన్నీ అనుకుంటారు.

మూడుపిల్లులు
వాదన ఆపి ఇది చదవండి. కుక్కల చుక్కలు పిల్లికి ఎప్పుడూ వేయకండి. చాలావాటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి సరిగ్గా లేదు. వణుకు, ఫిట్స్, ప్రాణం కూడా పోవచ్చు. అలాంటి మందు వేసిన కుక్కను పిల్లి నాకినా ప్రమాదమే. పెద్ద కుక్క డోసులో సగం పిల్లికి సరిపోతుందనే తెలివి మా బంధువు ఒకరు చూపించారు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

చింటూఅమ్మ
పిల్లికి పిల్లిదే వేశానండి, పెట్టె మళ్లీ చూసుకున్నాను.

పాతకాపు
మంచిది. ఇక ఇల్లు చూడండి. ఇల్లు పట్టించుకోకుండా మందును తిట్టేవాళ్లను ఇక్కడ ఏళ్లుగా చూస్తున్నాను.

చింటూఅమ్మ
రోజూ రెండు పూటలా ఊడుస్తాను సార్. ఆ మాట అనక్కర్లేదు.

నిమ్మళం
చూశారా! సలహా అడిగిన మనిషిని ఇల్లు చూసుకోలేదని దెప్పడం. ఇంత పెద్ద జ్ఞానికి టాబ్లెట్ నరాల మీద ఏం చేస్తుందో కూడా తెలిసే ఉంటుంది కదా, చెప్పండి.

పాతకాపు
తెలుసు. నరాల ఉద్రేకాన్ని చల్లార్చే క్లోరైడ్ ద్వారాలను మూసేస్తుంది. పురుగు అదుపు తప్పి కొట్టుకుని చస్తుంది. కుక్క నరాల్లోనూ అలాంటి ద్వారాలు ఉంటాయి గానీ మందు వాటికి అంత గట్టిగా అతుక్కోదు.

నిమ్మళం
"అంత గట్టిగా." ఆ రెండు మాటలే నా బాధ. మా కుక్కకి చిన్నప్పుడు ఒకసారి ఫిట్స్ వచ్చాయి. టాబ్లెట్ రాసిన చోట అడగలేదు, నాకు చెప్పాలని తోచలేదు. మూడో రోజు రాత్రి నా ఒళ్లోనే కొట్టుకుంది. బతికింది, కానీ ఆ తర్వాత మునుపటిలా లేదు. ఈ జాతి మందులతో వణుకు, ఫిట్స్ రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. నేనది తర్వాత చదివాను. అప్పటికి ఒంటి మీద ఒక్క ఫ్లీ కూడా లేదు తెలుసా? "నెలనెలా ఇవ్వాలి" అన్నారని ఇచ్చాను.

పాతకాపు
అది ముందే చెప్పి ఉంటే ఇంత వాదించేవాణ్ని కాదు. ఫిట్స్ చరిత్ర ఉంటే ఆ టాబ్లెట్ ఆలోచించి ఇవ్వాల్సిందే. డాక్టర్ అడగాల్సింది.

కానీ కనిపించినప్పుడు వేస్తే చాలు అనే మాట నేనూ నమ్మాను. మా కుక్క రాజాకి ఫ్లీ ఉమ్ము అలర్జీ. అలర్జీ ఉన్నవాటికి నాలుగైదు కాట్లే ఎక్కువ, గోక్కుని, నాక్కుని ఫ్లీని మింగేస్తాయి కాబట్టి వెతికితే ఒక్కటీ దొరకదు. ఫ్లీలు లేవనుకుని ఆర్నెల్లు సబ్బులు మార్చాను. తోక మొదట్లో పచ్చి పుండైపోయింది. ఇప్పుడు ఒక్క నెల కూడా ఆపను.

నిమ్మళం
మీరు ఆపరు, నేను మొదలుపెట్టను. నా గొడవ మందు పనిచేయదని కాదు. ఎదురుగా ఉన్న కుక్కను చూడకుండా అన్నిటికీ ఒకటే క్యాలెండర్ ఇవ్వడం గురించి.

పాతకాపు
క్యాలెండర్ లేకుండా గూళ్ల లెక్క ఎలా చూస్తారు? మూడు నెలలు వరసగా వేస్తే తప్ప ఇంట్లో ఉన్నవి ఖాళీ కావు.

గోలీసోడా
ఇద్దరూ కాస్త మంచినీళ్లు తాగండి.

చింటూఅమ్మ
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. చుక్కలు వేసిన మర్నాడే కుక్కకి షాంపూతో స్నానం చేయించాను. వాసన వస్తోందని. దానివల్ల ఏమన్నా అయి ఉంటుందా?

పాతకాపు
అమ్మా!!! ఇది మొదటి పోస్టులో రాయాల్సింది. నూనెలో కలిసి పాకే మందు అని ఇంత చెప్పాను కదా. నూనెనే కడిగేశారు. వేయడానికి 2 రోజుల ముందు, వేశాక 2 రోజులు షాంపూ స్నానం వద్దు. కాగితం మీద కూడా ఉంటుంది.

చింటూఅమ్మ
ఆ కాగితం పెట్టెతో పాటే పారేసినట్టున్నాను. పెట్టె దొరికింది గానీ కాగితం లేదు.

నిమ్మళం
అంటే 20 రోజులుగా పిల్లికి మాత్రమే మందు ఉంది, కుక్కకి అరకొర. పాపం, ఆ కార్పెట్‌ను ఊరికే ఆడిపోసుకున్నారు.

పాతకాపు
కార్పెట్‌కీ వాటా ఉంది. బొచ్చులో చుండ్రులా కనిపించే నల్ల పొడిని తడి టిష్యూ మీద వేసి చూడండి. ఎర్రగా కారితే అది ఫ్లీ రెట్ట.

చింటూఅమ్మ
ఇప్పుడే చూశాను. కుక్కది ఎర్రగా కారింది, పిల్లిది కారలేదు. వాటి దుప్పట్లు వేడినీళ్లలో వేశాను, సోఫా జరిపి కింద వ్యాక్యూమ్ పెట్టాను, అందులో చేరిన దుమ్ము కవర్లో కట్టి బయట పడేశాను. కుక్కకి ఇప్పుడే మళ్లీ వేయొచ్చో, గడువు దాకా ఆగాలో రేపు డాక్టర్‌ని అడుగుతాను. మా వాడికి ఫిట్స్ ఎప్పుడూ రాలేదు, అయినా టాబ్లెట్ సంగతి కూడా అడిగే మారతాను.

మూడుపిల్లులు
తోక కింద అన్నం మెతుకుల్లాంటివి కనిపిస్తున్నాయేమో కూడా చూసి చెప్పండి. ఫ్లీని మింగితే వచ్చే బద్దెపురుగు అది, దానికి మందు వేరే.

చింటూఅమ్మ
అమ్మో. చూసి రాస్తాను.